కొర్రలగుంట పటంలో మూడు మిల్లీమీటర్లు

మా ఆవిడ ఉరుకుందమ్మ వంటింట్లోంచి వసారాలోకి వస్తూ, గడప లేని చోట కాలెత్తి దాటింది. మొదటిరోజు చూసి నవ్వాను. మూడోరోజుకి నవ్వు రాలేదు.

"ఏముందాడ?" అన్నాను.

"యాడ?"

"ఇప్పుడు దాటినావు కదా."

వెనక్కి తిరిగి చూసింది. నున్నటి బండలు పరిచిన నేల. ఆమె మొహంలో, తప్పు చేసి దొరికిపోయిన పిల్లకి ఉండేలాంటి తికమక.

"నాకేం తెల్సబ్బా? కాలు దానంతట అదే లేచింది," అంది. ఆ సాయంత్రం పాత పటం తీసి చూస్తే మా క్వార్టర్ ఉన్నచోట ఒక చేనుగట్టు గీసి ఉంది. నాకు అప్పుడే భయం వేసి ఉండాల్సింది. వేయలేదు. పైగా, పటం ఎంత బాగా అతికిందో చూడు అని మురిసిపోయాను. నా బుద్ధి అట్లాంటిది.

నా పేరు మద్దిలేటి. పాత పటాలు చదవడం నా పని. బొంతలగట్టు మిట్ట అంచున మా నేలచరిత్ర పరిశోధన కేంద్రం ఉంది. మిట్ట అంటే ఏదో చిన్న దిబ్బ అనుకునేరు, పన్నెండు మైళ్ల పొడవున్న ఎత్తైన ఎడారి అది. మబ్బులు దాని దాకా వచ్చి, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి పోతాయి. యుద్ధకాలంలో దొరల సైన్యం అక్కడి ఊళ్లు ఖాళీ చేయించి ఫిరంగులు కాల్చే మైదానం చేసుకుంది. దొరలు పోయాక కూడా కాల్పులు ఆగలేదు. ఎనభై ఏళ్లపాటు మనిషి అడుగు పెట్టలేదు కాబట్టి, అన్నిచోట్లా మాయమైన బట్టమేక పిట్ట అక్కడ మాత్రం మిగిలింది. పోయిన ఏడాది లెక్కకి ఐదు. ఇప్పుడు సైన్యం ఖాళీ చేస్తే అడవిశాఖ వాళ్లు ఆ నేలని పిట్టకి రాసివ్వాలి, చుట్టుపక్కల గొర్రెల వాళ్లకి ఒక దారి వదలాలి.

అడ్డమల్లా పేలకుండా నేలలో కూరుకుపోయిన గుండ్లు. ఇనుము పసిగట్టే యంత్రం పెడితే అడుగడుగునా కూస్తుంది, ఎందుకంటే పేలిన గుండ్ల పెంకులు మట్టిలో రాళ్లకన్నా ఎక్కువున్నాయి. పేలనివి ఎక్కడ పడ్డాయో అప్పటి ఫిరంగుల వాళ్లు పుస్తకాల్లో రాసిపెట్టారు పాపం. "కానుగ చెట్టుకు కుడిపక్క అరవై గజాలు." "మొండిగోడ ఇంటికి వెనక, రెండో గట్టు దాటాక." ఆ కానుగ చెట్టు లేదు, ఆ గోడా లేదు, ఆ గట్టూ లేదు. ఉన్నదల్లా 1943 నాటి అంగుళానికి మైలు పటంలో.

అందుకే డాక్టర్ భానోజీరావు గారి యంత్రం. విజయనగరం మనిషి, మెత్తగా మాట్లాడతాడు, కోపం వస్తే ఇంకా మెత్తగా మాట్లాడతాడు. ఆయన దానికి ఇంత పొడుగు పేరు పెట్టుకున్నాడు గాని మేం 'పాతచూపు' అనేవాళ్లం. కళ్లకి జోడు, నడుముకి పట్టీ, బూట్ల లోపల పలకలు. పటంలోని ఎత్తుగీతలు, బావులు, గట్లు, ఇళ్లు, సర్వే వాళ్ల చేతిరాత పుస్తకాల్లో రాసుకున్న చెట్లు, అన్నీ కలిపి ఆనాటి నేలని కళ్లముందు నిలబెడుతుంది. ఎత్తు వస్తే పట్టీ వెనక్కి లాగుతుంది, పల్లం వస్తే పలకలు జారినట్టు కదులుతాయి. కళ్లు నమ్మకపోయినా కాళ్లు నమ్ముతాయి.

కాళ్లు ఇంత బాగా నమ్ముతాయని ఆయనకీ తెలియదు. ఆరువారాల సాధన అయ్యేసరికి, అది పెట్టుకుని మైదానంలో నడవాల్సిన సర్వేయరు ఉరుకుందమ్మ జోడు లేకుండానే లేని గట్లు దాటడం మొదలుపెట్టింది. తర్వాత చూపు కూడా. అన్నం తింటూ తింటూ కిటికీ వైపు చూసి, "జొన్న కంకి ఏసింది," అనేది. బయట ఎర్రమట్టి తప్ప ఏమీ ఉండేది కాదు. అలవాటుపడ్డ మెదడు పాత నేలని తనే గీసుకుంటోందనీ, ఆపేస్తే పోతుందనీ భానోజీరావు అన్నాడు.

"ఎన్నాళ్లకు పోతుంది?" అని నేను.

"పోతుందండీ," అన్నాడు, ఇంకా మెత్తగా.

ఆపమని ఆమెతో గొడవపడ్డాను. ఆమె వినలేదు. ఆమె అవ్వ పుట్టిన ఊరు కొర్రలగుంట. ఖాళీ చేయించిన ఊళ్లలో అది ఒకటి. ఆ అవ్వ చచ్చిపోయేదాకా మా ఇల్లు, మా గుంట, మా చింతచెట్టు అంటూనే ఉండేదట. "అవ్వ చెప్పిన ఇల్లు నాకు కనపడతాందిబ్బా. తూర్పు వాకిలి, పక్కనే బావి. ఒక్క దినం ఆడికి పోయి వస్తా. దారి తేలిపోతే ఇంగ జోడు ముట్టను," అంది. ఇక ఏం చెప్పను? ఆమె సర్వేయరు, పని ఆమెది, ఊరూ ఆమెదే.

పటాన్ని నేలకి అతికించడం మాత్రం నా పని. దానికి మూడుచోట్ల గుర్తులు కావాలి. పాత సర్వే వాళ్లు దూరం నుంచి దుర్భిణిలో కనబడాలని రాళ్లు కుప్పగా పేర్చి సున్నం కొట్టేవాళ్లు. కుప్ప కింద నేలలో గాటు పెట్టిన రాయి ఒకటి పాతేవాళ్లు. రెండు కుప్పలు కొండల మీద ఉన్నాయి, వాటి గాటురాళ్లు నా కళ్లతో చూశాను. మూడోది మైదానం గేటు దగ్గర, కంచె బయట. సున్నం తాజాగా ఉంది. పసుపు, కుంకుమ, పక్కన కొట్టిన టెంకాయ చిప్పలు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు దాన్ని గుండుదేవర అంటారు. సర్వే కుప్పలు దేవుళ్లు కావడం మా వృత్తిలో కొత్తేమీ కాదు. తెల్లగా, ఎత్తుగా, ఎవరో పరాయివాళ్లు వచ్చి జాగ్రత్తగా పేర్చి దండం పెట్టినట్టు వంగి చూసి పోతే, ఎవరైనా మొక్కుతారు. కిందున్న గాటురాయి చూడాలంటే దేవర్ని తవ్వాలి. దేవుణ్ణి ఎవరు తవ్వుతారు? నేను తవ్వలేదు.

మూడు గుర్తులూ కలిపితే దేవర ఉన్న మూల పటం మూడు మిల్లీమీటర్లు తేడా వచ్చింది. పాత కాగితం చెమ్మకి సాగుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. ఎన్ని పటాల్లో చూడలేదు! కాగితమే సాగిందనుకుని, ఆ మూలని కంప్యూటర్లో మూడు మిల్లీమీటర్లు లాగి, 'పటం నేలకు సరిపోయింది' అని సంతకం పెట్టాను. ఆ సంతకం లేనిదే సైన్యం వాళ్లు గేటు తాళం ఇవ్వరు.

పటంలో మూడు మిల్లీమీటర్లంటే నేలమీద రెండు వందల మీటర్లు.

ఆరోజు పొద్దున ఏడింటికి ఉరుకుందమ్మ గేటు దాటింది. ముందురోజు చిన్న జల్లు పడి మట్టి మెత్తగా ఉంది. పాతచూపులో పాత ఊరు చూసుకుంటూ, ఫిరంగుల పుస్తకంలోని చోట్లని తప్పించుకుంటూ కొర్రలగుంట దాకా ఒక దారి నడిచి రావాలి. నేనూ భానోజీరావూ గేటు దగ్గర వాకీటాకీలు పట్టుకుని నిలబడ్డాం.

"కానుగ చెట్టు దాటినా," అంటోంది. "కుడిపక్క గుండు. ఎడమకు పోతాండా." తర్వాత, "గుంటలో నీళ్లుండాయి. పటంలో నీలం రంగు ఏసిన మారాజు ఎవరో గాని మంచోడు." ఆమె గొంతులో నవ్వు వినబడితే నాకు ఊపిరి ఆడింది.

అప్పుడే చౌడప్ప తాత వచ్చాడు. గొర్రెల కాపరి, ఎనభై దాటిన మనిషి. గొర్రెలని కంచె పక్కన ఆపి, చెంబులో నీళ్లు దేవరమీద పోసి, బొట్టు పెట్టాడు.

"లోపలికి ఎవురన్నా పోయినారా నాయనా?"

"మా ఆవిడ పోయింది తాతా. దారి చూసేదానికి."

"అమ్మయ్య. సామి పాత తావు కూడా సూసి రమ్మను. కట్టమింద పునాది ఉందో పోయిందో."

నాకు మాట అర్థం కాలేదు. వినబడింది గాని అర్థం కాలేదు. "ఏ సామి?" అన్నాను.

"ఈ సామే. మొదట ఈడ ల్యాడు నాయనా, గుంట కట్టమింద ఉండె. మిలిటరోళ్లు పది దినాల్లో ఊరు ఇడ్సిపెట్టాలన్యారంట. మా నాయనోళ్లు రోకళ్లు, తిరగలి రాళ్లు, గడపమాన్లు అన్నీ మోసుకొచ్చిరి. సామిని తుపాకుల కింద ఇడ్సి వస్తారా? ఒక్కో రాయి నెత్తిన పెట్టుకొని, ఏ రాయిమింద ఏ రాయి ఉండెనో అదే వరసన పేర్చినారు. కింద బూమిలో గాటు రాయి ఒగటుంటే అదీ పెకలించుకొచ్చి కిందనే పూడ్చినారంట. సామికి లోటు ఎందుకు సేస్తారు?"

ఒకవేళ తవ్వి ఉన్నా నాకు గాటురాయి కనబడేదే. వాళ్ల భక్తిలో ఒక్క లోపం లేదు.

"ఎంత దూరం తెచ్చినారు తాతా?"

"దేవుణ్ణి తెచ్చేటప్పుడు అడుగులు లెక్కబెడతారా?"

కాగితం సాగలేదు. దేవర నడిచాడు. ఆ మూల పటం మొత్తం రెండు వందల మీటర్లు పక్కకి జరిగి ఉంది. ఆమె చూస్తున్న కానుగ చెట్టు కానుగ చెట్టు చోట లేదు, ఆమె తప్పించుకున్న గుండ్లు ఆ చోట లేవు. ఆమె ఏ గుండుమీద నడుస్తోందో నాకే కాదు, ఎవరికీ తెలియదు.

"ఉరుకుందా, ఆగు!" అని అరిచాను. "జోడు తీయ్! కాలు కదపద్దు. పటం తప్పు. జోడు తీయ్!"

భానోజీరావు నా చెయ్యి పట్టుకున్నాడు. "అయ్యో, తీయించకండీ!" అన్నాడు. అప్పటికే ఆలస్యమైంది. నా తొందర ఎప్పుడూ నా బుర్రకన్నా ముందే పోతుంది.

"జోడు ఉన్నంతసేపూ పాత నేల ఒకచోట కట్టేసినట్టు ఉంటుందండీ," అన్నాడు. "తీస్తే కట్టు ఊడినట్టే. ఆవిడ ఎటు తిరిగితే పాత ఊరు అటే తిరుగుతుంది."

వాకీటాకీలో ఉరుకుందమ్మ గొంతు సన్నగా వచ్చింది. "తీసినా. వెనక్కి తిరిగినా. ఇదేమబ్బా, ఊరంతా నాతోపాటు తిరిగింది? బావి నా వెనకాల ఉండె, ఇప్పుడు నా ముందరుంది. నేను యాడున్నా?"

"తెలీదు," అన్నాను. అబద్ధం చెప్పేంత తెలివి కూడా లేదు నాకప్పుడు.

"మళ్లా పెట్టుకుంటా," అంది. కాసేపటికి వాంతి చేసుకుంటున్న చప్పుడు. "వద్దు. రెండు కొర్రలగుంటలు కనపడతాండాయి. ఒగదాని మింద ఒగటి."

ఒకటే దారి ఉంది. ఆమె పోయిన అడుగుల్లోనే తిరిగి రావాలి. ఆ అడుగులు పేలలేదు కాబట్టి అవే నమ్మదగినవి. ఆమె కళ్లకి ఆ అడుగులు కనబడవు, అక్కడ జొన్నచేను ఉంది, గుంట ఉంది, ఇళ్లున్నాయి. నా కళ్లకి మాత్రం తడిమట్టిలో బూటు అచ్చులు ఒక్కొక్కటీ శుభ్రంగా కనబడుతున్నాయి. చెప్పులు విప్పేశాను. ఆమె అచ్చులో నా పాదం పట్టాలంటే చెప్పు పనికిరాదు.

"మీరు పోవడం సరికాదండీ," అన్నాడు భానోజీరావు.

"ఆమె పోవడం సరేనా?" అన్నాను. నిజానికి ఆ మాట నన్ను నేనే అనుకోవాలి.

భయపడ్డాను. ధైర్యంగా నడిచానని రాస్తే అబద్ధం. ప్రతి అచ్చులో ముందు వేళ్లు దించి, తర్వాత మడమ దించాను. రెండు వందల అచ్చులు దాటాక ఒకదానికి జానెడు దూరంలో పేలని గుండు తోకరెక్క ఒకటి, తుప్పుపట్టి, మట్టిలోంచి బయటికి కనబడింది. ఆమె దాని పక్కనుంచి నవ్వుతూ నడిచి పోయి ఉంటుంది. నా కాళ్లు అక్కడ ఆగిపోయాయి, ఎంతసేపు ఆగాయో తెలియదు. నాలుగు వందల పన్నెండో అచ్చులో ఆమె నిలబడి ఉంది. మా మధ్య ఆరు అడుగులు మిగిలాయి.

"ఆడే ఉండు!" అని కేక వేసింది. కళ్లు పెద్దవి చేసుకుని నా కాళ్లవైపు చూస్తోంది. "నువ్వు బావి మింద ఉండావు. గాల్లో నిలబడుకోని ఉండావు."

కింద చూసుకున్నాను. ఎర్రమట్టి. ఒక చీమల బారు. ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది, నిలబడ్డది మట్టిమీదేనా అని. ఆ క్షణం సంగతి ఆమెకి ఇప్పటికీ చెప్పలేదు.

మిగిలిన అడుగులు వేసి ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఎత్తుకుపోదామంటే నా నడుము సంగతి నాకు తెలుసు, ఒక్క తూలుడుతో ఇద్దరం పోతాం. తనే నడవాలి. మొదటి అడుగే ఆ బావిలో వేయాలి.

"పా. నేను ముందర, నువ్వు నా చొక్కా పట్టుకొని."

కాలు లేచింది, మళ్లీ దిగింది. ఇంకోసారి లేచింది, దిగింది. "లేస్తాంది గాని పోవడం ల్యా," అంది ఏడుస్తూ. "నీళ్లు కనపడతాండాయబ్బా. లోతు నీళ్లు. అవ్వ చెప్పిన బావే ఇది."

"బావి ల్యా ఈడ."

"కొలిచినావా?"

ఇరవై రెండేళ్ల కాపురంలో ఆమె నన్ను ఎన్నిసార్లు అడిగిన మాటో అది. సంతలో బియ్యం తెచ్చినా, గోడకి మేకు కొట్టినా, కొలిచినావా అంటుంది. ఎప్పుడూ కొలిచినా అనే చెప్పాను. కొలవకపోయినా.

"ల్యా," అన్నాను. "ఇది కొలవలేదు. అదీ కొలవలేదు. దేవర్ని తవ్వడానికి జంకి, మూడు మిల్లీమీటర్లు వస్తే కాగితంమింద తోసినా. తప్పు సంతకం పెట్టినా. నువ్వీడ ఉండేది నావల్ల. ఆ బావి నిజంగా ఉన్నా ఈడ ఉండదు, ఇంగెక్కడో ఉండాది. నువ్వు చూస్తాండేది అవ్వ ఊరు గాదు ఉరుకుందా. నేను జరిపిన ఊరు."

అంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. కొట్టినా బాగుండుననిపించింది. ఆమె కొట్టలేదు. చాలాసేపు నా మొహంలోకి చూసింది, అది ఒక్కటే ఆమెకి కదలకుండా కనబడుతున్నట్టు.

"మరి ఇప్పుడు ఏం చూసి చెప్తాండావు?"

"నీ అడుగులు చూసి. మట్టిలో పడి ఉండాయి. బూటు గీతలు కూడా కనపడతాండాయి. నేను ఒగదాంట్లో నిలబడినా."

ముక్కు మూసుకుంది. చిన్నపిల్లలు ఈతకి దూకేముందు మూసుకున్నట్టు. కళ్లు తెరుచుకునే ఉంచింది. కాలు వేసింది.

వెనక నుంచి నా చొక్కా బిగిసింది. ఆ అడుగు తర్వాత ఇంకో అడుగు. గడ్డం పైకెత్తుకుని, ఊపిరి బిగబట్టి, మెడదాకా నీళ్లలో ఉన్న మనిషి నడిచినట్టు నడిచింది. ఆగినప్పుడల్లా "ఇప్పుడేం వచ్చింది?" అని అడిగేవాణ్ణి. "గోడ," అనేది. "నేను దాటినా, రా," అనేవాణ్ణి. "చింతచెట్టు." "దాటినా, రా." ఒకచోట చాలాసేపు ఆగింది. "ఈడ ఎవరో కూర్చోనుండారు," అంది. పటంలో మనుషులుండరు. ఎవరని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. "దాటినా, రా," అన్నాను. వచ్చింది.

గేటు దాటాక చౌడప్ప తాత చెంబుతో నీళ్లు ఇచ్చాడు. తాగమంటే ఆ చెంబు ఎక్కడుందో తెలియక చేతులు గాల్లో ఆడించింది. నేనే తాగించాను. భానోజీరావు తల దించుకుని పాతచూపు పట్టీలు చుట్టుకుంటూ, "పోతుందండీ, కొన్నాళ్లకి పోతుంది," అన్నాడు. ఈసారి నేను ఎన్నాళ్లకని అడగలేదు.

నా సంతకం కొట్టేయించుకున్నాను. గేటుకి మళ్లీ తాళం పడింది. గొర్రెల వాళ్లకి దారి లేదు, చౌడప్ప తాత నన్ను చూస్తే మొహం తిప్పుకుంటాడు. దేవర్ని ఎన్ని అడుగులు మోశారో తెలిసినవాళ్లు ఎవరూ బతికి లేరు. రెండు వందల మీటర్లు వెనక్కి జరిపితే సరిపోతుంది కదా అని కేంద్రం వాళ్లు అడిగారు. మిగతా రెండు కుప్పలూ ఎవరూ కదపలేదని నువ్వు చెప్పగలవా అని నన్ను నేను అడిగి, వాళ్లకి కుదరదని చెప్పాను.

ఆరోజు గేటు దగ్గర కూర్చున్నప్పుడు ఉరుకుందమ్మని అడిగాను. "ఇప్పుడేం కనపడతాంది?"

"నువ్వు కనపడతాండావు. నీ కాళ్ల కింద నేలే ల్యా." మళ్లీ అంది. "నువ్వు చెప్పినావని నడిచినా. ఇంగ దినామూ చెప్పాల్సిందే. తప్పు చెప్తే మాత్రం పడిపోతా."

నాలుగు నెలలైంది. లేవగానే మంచం పక్కన నేల ఉందని చెబుతాను. వంటింట్లో గట్టు లేదని, వాకిట్లో గుంట లేదని చెబుతాను. చెప్పేముందు ప్రతిచోటా నేను కాలు పెట్టి చూసుకుంటున్నాను.